ఎత్తొద్దు నాలుగు

ఆ ఎండాకాలం మా ఇంటికి తాళం బయట ఉండేది, మనిషి లోపల ఉండేది. లోపలి మనిషి మా నాయనమ్మ బుచ్చమ్మ. తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో ఉండేది.

ఇలా చెబితే మేమేదో రాక్షసులమని అనుకుంటారు. అప్పట్లో మాకు మాత్రం అది మహా తెలివైన ఉపాయంలాగే కనబడింది. ఉపాయం నాన్నది. తాళం కొన్నది నేను, రెజిమెంటల్ బజార్‌లో, బేరమాడి మరీ.

అల్వాల్‌లో మాది అద్దె ఇల్లు, పైన రేకులు. రెండు గదులు, వంటింటికి పక్క సందులోకి తెరుచుకునే ఒక కిటికీ, ముందు మూడు మెట్లు. నాన్న పేరు భద్రయ్య. ఇరవై రెండేళ్ళు ఒకే ప్రెస్సులో మిషన్ నడిపాడు. పెళ్ళికార్డులు, స్కూలు డైరీలు, క్యాలెండర్లు. ఆ జనవరిలో ఓనరు కొడుకులు ప్రెస్సు మూసేసి జాగా అమ్ముకున్నారు. ఆఖరి రోజు నాన్న చేతిలో ఒక నెల జీతమూ, కొత్త సంవత్సరం క్యాలెండర్లు ఒక కట్టా పెట్టి పంపించారు. వాటిని పారేయబుద్ధి కాక నాయనమ్మ ప్రతి గోడకూ ఒకటి తగిలించింది. ఇక ఇంట్లో ఎటు చూసినా తారీఖులే. వాయిదా ఏ రోజో మర్చిపోదామన్నా వీలు లేకుండా పోయింది.

అప్పు అంతకు ముందే ఉంది. అమ్మ ఆపరేషన్‌కి ఫైనాన్స్ కంపెనీలో తీసుకున్న లోను. జీతం వస్తున్నన్నాళ్ళు అది నెలనెలా తన వాటా తను పట్టుకుపోయేది, మేమూ పట్టించుకునేవాళ్ళం కాదు. జీతం ఆగాక దాన్ని కట్టడానికి అమ్మ పుస్తెలతాడు తాకట్టుకు వెళ్ళింది. తాకట్టు వడ్డీ కట్టడానికి నాన్న ఫోనులో ఏదో యాప్ నుంచి అప్పు తీసుకున్నాడు. ఆ యాప్‌కు కట్టడానికి ఇంకో యాప్. నాన్న బండి మీద మనుషులను దింపే పనికి కుదిరాడు, అమ్మ తిరుమలగిరిలో ఒక లేడీస్ హాస్టల్‌లో వంటకు చేరింది, నేను డిగ్రీ చివరి సంవత్సరం ఆపేసి ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న మెడికల్ షాపులో కౌంటరు మీద నిలబడ్డాను. ముగ్గురం సంపాదిస్తున్నాం, అప్పు మాత్రం మా ముగ్గురి కంటే చురుగ్గా పని చేస్తోంది.

ఫోన్లు మొదలయ్యాయి. మా ముగ్గురి ఫోన్లలోనూ ఆ నంబర్లన్నిటికీ నేనే పేర్లు పెట్టాను. ఎత్తొద్దు ఒకటి, ఎత్తొద్దు రెండు, ఎత్తొద్దు మూడు, ఇలా. ఎత్తొద్దు నాలుగు అంటే ఫైనాన్స్ కంపెనీ తరఫున వసూలుకు ఇంటికొచ్చే మనిషి. అతని ముఖం మేము సరిగ్గా చూసిందే లేదు, హెల్మెట్టు మాత్రం తెలుసు.

ఉగాది రోజు సాయంత్రం ఒక యాప్ వాళ్ళు ఇద్దరు వచ్చారు. గేటు దగ్గర బండి ఆగిన చప్పుడు వినగానే నాన్న బాత్‌రూములోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. నాయనమ్మకు వాళ్ళెవరో తెలిసినా పండగపూట ఇంటికొచ్చిన మనుషులని రెండు గిన్నెల్లో పచ్చడి తెచ్చింది.

"ముసలమ్మా, పచ్చడి గాదు, పైసలు తే. నీ కొడుకేడి? సిగ్గులేదా వానికి?" అని ఒకడు గల్లీ అంతా వినబడేలా అరిచాడు.

అరిచిన కొద్దీ గల్లీలో తలుపులు తెరుచుకున్నాయి. నాయనమ్మ గిన్నెలు కింద పెట్టి రెండు చేతులూ జోడించింది. "మీ కాల్మొక్త బిడ్డా. జెర ఓపిక పట్టుండ్రి. నా కొడుకు అసొంటోడు గాదు."

వాళ్ళు వెళ్ళిపోయాక నాన్న బయటకు వచ్చాడు. అన్నీ విన్నాడని ముఖం చూస్తే తెలిసింది. తన చిన్నప్పుడు ఊళ్ళో దొర గడీ ముందు నాయనమ్మ ఆ మాట అనేదట. ఆ మాట మళ్ళీ ఆమె నోట రాకూడదనే నాన్న పట్నం వచ్చాడు. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు.

పొద్దున చాయ్ తాగుతూ అన్నాడు. "ఇయ్యాల్టికెల్లి బయట తాళమేస్తం. తాళం చూస్తే ఎవ్వడు నిలవడడు."

"మరి అత్తమ్మ?" అంది అమ్మ.

"లోపల్నే ఉంటది. వాళ్ళతోని ఆమె మాట్లాడుడు వద్దు, కాల్మొక్కుడు వద్దు."

నాయనమ్మ చాయ్ సాసరులో పోసుకుని ఊదుకుంటూ నవ్వింది. "నన్ను పెట్టెల పెట్టి తాళమేస్తవారా భద్రీ? నిజమేలే, ఉన్న బంగారమంత తాకట్టుల వడ్డది. ఇంట్ల నేనొక్కదాన్నే మిగిలిన."

అందరం నవ్వాం. నవ్వుతూనే ఒప్పుకున్నాం.

తొమ్మిదిన్నరకు నేను తాళం వేసి వెళ్ళేదాన్ని. రెండు గంటలకు భోజనానికి వచ్చి తీసేదాన్ని. మళ్ళీ మూడింటికి తాళం, ఏడింటికి తాళం తీయడం. నాయనమ్మకు నేను కొన్ని నియమాలు పెట్టాను: ఫ్యాను ఒకటి మీదే పెట్టుకోవాలి, టీవీకి గొంతు ఉండకూడదు, ఎవరు పిలిచినా పలకకూడదు. ఆమె మూగ టీవీలో సీరియల్ చూసి, వాళ్ళేం మాట్లాడుకున్నారో తనే కల్పించి రాత్రి మాకు చెప్పేది. ఆమె కథలో కోడళ్ళందరూ ఎవరికో ఒకరికి బాకీ ఉండేవాళ్ళు.

మూడో రోజు నాయనమ్మ పాత ఫోను లోపల మోగింది. బయట నిలబడ్డ వసూలువాడు "ఏందిరో, తాళం మాట్లాడుతున్నదే!" అని నవ్వాడట. ఎదురింటి సలోమి ఆంటీ చెప్పింది. ఆ రోజే ఆ ఫోను ఆపేసి బియ్యం డబ్బాలో పెట్టాను.

సలోమి ఆంటీ స్కూల్లో ఆయాగా చేసి మానేసిన మనిషి. ఆదివారం చర్చిలో అందరికంటే గట్టిగా పాడేది ఆమే. ఎవరడిగినా మేము ఊరికి పోయామని చెప్పమని అమ్మ ఆమెను బతిమాలింది. "అబద్ధమాడాలెనా వదినా?" అని కాసేపు నసిగింది. తర్వాత "సరే తియ్యి, మంచికే గదా. ప్రభువుకు నేను చెప్పుకుంట" అంది. ఆమె మాటంటే మాటే.

వసూలువాళ్ళ దగ్గరా ఉపాయాలు ఉండేవి. కొరియర్ వచ్చిందని పిలిచేవాళ్ళు. కరెంటు బిల్లు మనుషులమని తలుపు కొట్టేవాళ్ళు. ఏప్రిల్‌లో ఒకరోజు ఎత్తొద్దు రెండు నుంచి అమ్మకు మెసేజ్ వచ్చింది: మీ భర్తకు యాక్సిడెంట్ అయింది, వెంటనే ఫోన్ ఎత్తండి. అమ్మ పొయ్యి మీద కూర వదిలేసి, చెప్పులు కూడా లేకుండా తిరుమలగిరి చౌరస్తా దాకా పరుగెత్తింది. నాన్న ఆ సమయానికి ఎవరినో స్టేషన్‌లో దింపి చాయ్ తాగుతున్నాడు. ఆ దెబ్బతో మేము దేన్నీ నమ్మడం మానేశాం. ఎవరైనా కంగారుగా మాట్లాడితే చాలు, మాకు నవ్వు వచ్చేది.

రెండు సంగతులు అప్పుడే గమనించి ఉండాల్సింది. మట్టికుండలో నీళ్ళు తొందరగా అయిపోయేవి. అడిగితే "ఎండలు గావా బిడ్డా, దూపైతది" అనేది నాయనమ్మ. రంజాన్ పండగ మరునాడు వంటింట్లో మాది కాని స్టీలు డబ్బా ఒకటి కనబడింది. అందులో పాలల్లో ఉడికిన సేమ్యా, ఖర్జూరం ముక్కలు. "సలోమి పంపింది" అంది, నా వైపు చూడకుండా. చాలా రుచిగా ఉంది. నేనే సగం తినేసి డబ్బా కడిగి అరలో పెట్టాను.

రోహిణి కార్తె వచ్చింది. మా షాపులో ఆ వారం ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టెలకు పెట్టెలు లేచిపోయాయి. ఎండదెబ్బకు ఏమేం చేయాలో కౌంటరు మీద నుంచి అందరికీ నేనే చెప్పేదాన్ని: నీళ్ళు తాగించండి, ఒంటరిగా వదలకండి.

ఆ మంగళవారం కూడా ప్యాకెట్లు లెక్కపెడుతుంటే ఫోను వణికింది. ఎత్తొద్దు నాలుగు. కట్ చేశాను. మళ్ళీ వచ్చింది. బోర్లా పెట్టాను. అది కౌంటరు అద్దం మీద గుర్రుమంటూ జరుగుతోంది. నాలుగోసారో ఐదోసారో మా ఓనరు ఓంప్రకాశ్ "ఎవరమ్మా, గింత ప్రేమ?" అన్నాడు. అప్పుడే మెసేజ్ వచ్చింది: మీ నాయనమ్మకు సీరియస్ ఉంది. ప్లీజ్ ఫోన్ ఎత్తండి.

ఫోను ఓంప్రకాశ్‌కు చూపించాను. "చూడండి సార్. పోయిన నెల మా నాన్నకు యాక్సిడెంట్ చేశారు. ఇప్పుడు నాయనమ్మ వంతు. రేపు నన్ను సుత చంపుతరు."

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. మోసపోనందుకు నాకు నా మీదే మెప్పు కలిగింది. ఆ నవ్వు ఇప్పటికీ నాకు వినబడుతుంది. స్నానం చేస్తుంటే, బస్సులో కూర్చుంటే, ఎప్పుడంటే అప్పుడు.

రెండింటికి బయలుదేరాను. కరెంటు లేదు. గల్లీ మొదట్లోకి వచ్చేసరికి మా మెట్ల దగ్గర బండి, దాని అద్దానికి వేలాడుతున్న హెల్మెట్టు. ఎత్తొద్దు నాలుగు ఇంటి ముందే ఉన్నాడు. అలాంటప్పుడు నేను ఏం చేస్తానో అదే చేశాను. కిరాణా కొట్టు పక్కకు జరిగి, అతను వెళ్ళేదాకా నిలబడ్డాను. చల్లటి మజ్జిగ ప్యాకెట్టు ఒకటి కొనుక్కుని తాగాను. పావుగంట, ఇరవై నిమిషాలు. అతను సలోమి ఆంటీ గేటు దగ్గరకు వెళ్ళి చేతులు ఊపుతూ ఏదో చెప్పడం, ఆమె తల అడ్డంగా ఆడించడం దూరం నుంచి చూశాను. ఆంటీ గట్టి మనిషి అనుకున్నాను.

తర్వాత అతను వంగి రాయి తీసుకుని తాళం మీద కొట్టాడు.

"దొంగ! దొంగ!" అని అరుస్తూ పరుగెత్తాను. గల్లీలో మగవాళ్ళు నా కంటే ముందే చేరారు. ఎవరో అతని కాలరు పట్టుకుని చెంప మీద కొట్టారు. ఇరవై ఐదు, ఇరవై ఆరేళ్ళుంటాయి. చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది.

"కొట్టుండ్రి, ఎంతైన కొట్టుండ్రి, ముందుగాల తలుపు తీయుండ్రి!" అంటున్నాడు. నన్ను చూసి "అక్కా, చెవి నీ దగ్గరున్నదా? తీయక్కా, అవ్వ పడిపోయింది!" అన్నాడు.

రాయి దెబ్బలకు తాళం చెక్కు చెదరలేదు. మంచి తాళమే కొన్నాను. బ్యాగులోంచి తాళంచెవి తీశాను. నా చేతిలోంచి తీసుకుని అతనే తెరిచాడు.

వంటింట్లో కిటికీ కింద నాయనమ్మ పక్కకు ఒరిగి ఉంది. దగ్గర్లో స్టీలు గ్లాసు పడి ఉంది. ఒలికిన నీళ్ళు ఎప్పుడో ఆరిపోయాయి, బండ మీద మరక మాత్రం ఉంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది, ఊపిరి మాత్రం ఆడుతోంది. అతనే ఆమెను రెండు చేతుల మీద ఎత్తుకుని, ఎవరో పిలిచిన ఆటోలోకి తెచ్చాడు. తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. దారంతా అతను తన నీళ్ళ బాటిల్‌తో ఆమె ముఖం, కాళ్ళు తడుపుతూ వచ్చాడు.

ఆసుపత్రిలో డాక్టరు ముందుగా అడిగింది. "ఎప్పటి నుంచి ఇలా ఉంది?"

"తెలీదు మేడం. నేను ఇందాకే..." అన్నాను.

నా వెనక నుంచి అతను చెప్పాడు. "పన్నెండున్నరకు నేను చూసిన మేడం. అప్పటికే పడి ఉన్నది. పిలుస్తే కాలు కదిలిచ్చింది. ఒంటిగంట దాటినంక కదల్లే."

డాక్టరు రాసుకుంది. "మీరు ఈమెకేమవుతారు?"

అతను "ఏం గాను మేడం. ఫైనాన్స్ నుంచి వచ్చిన" అన్నాడు.

నేను ఫోను తీసి చూశాను. ఎత్తొద్దు నాలుగు, ఏడుసార్లు. మొదటిది పన్నెండు ముప్పై నాలుగుకు.

నాన్న, అమ్మ వచ్చారు. పొద్దు గూకే వేళకు నాయనమ్మ పోయింది. కాగితాలు వచ్చేదాకా నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. అతను ఇంకా అక్కడే ఉన్నాడు, గోడకు ఆనుకుని. పేరు కలీముల్లా అని చెప్పాడు.

"లోపల మనిషి ఉందని నీకెట్ల తెలుసు?" అని అడిగాను.

"మొదటి వారమే తెలుసక్కా. మా ఆఫీసోళ్ళు ఫోనుల లొకేషన్ చూస్తరు. అప్పున్నోళ్ళ ఇంటి ముంగట అరగంట ఉండాలె, తాళం ఫోటో పంపాలె. మీ మెట్ల మీదనే కూసునేటోన్ని. ఒకదినం సందుల కిటికీ తెరుచుకున్నది. గ్లాసు పట్టుకోని చెయ్యొక్కటే బయటికొచ్చింది. ఎండల కూసున్నవ్, తాగు బిడ్డా అన్నది. రోజా ఉన్న అవ్వా అన్న. అట్లయితే పొద్దుమీకినంక రా అన్నది." అతనికి నవ్వు వచ్చి, ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "తాళమేసుకున్న ఇంట్లకెల్లి వసూలుకొచ్చినోన్ని ఇఫ్తార్‌కు పిలిచిందక్కా. పండుగైనంక రోజు తాగిన. మా అమ్మీ సేమ్యా చేసి పంపింది. ఆ డబ్బా మీ ఇంట్లనే ఉన్నది."

"ఆఫీసులో చెప్పలేదా?"

"ఏం చెప్పాలె? తాళమైతే ఉన్నది గదా, తాళం ఫోటో పంపిన. అవ్వ ఒక్కటే అడిగింది, నా కొడుకును నలుగుట్ల గలీజ్ మాటలనకు, పని దొరికితే కడ్తడు అని. ఇయ్యాల గ్లాసు రాలే. కిటికీల నుంచి చూస్తే అవ్వ కాలు కనబడ్డది. మీకు ఫోన్ చేసిన, మీ నాన్నకు చేసిన, ఆయన నా నంబరు బ్లాక్ చేసిండు. ఎదురింటామెకు చెప్పిన. లోపలెవ్వరు లేరు బాబు, ఊరికి పోయిండ్రు, నీ నాటకాలు నా దగ్గర నడవయ్ అన్నది. తాళం పగలగొడ్తే దొంగతనం కేసు పెడ్తరని భయపడ్డ అక్కా. ఆ భయంల గంట పోయింది." చేతిలోని ఖాళీ బాటిల్ మూత బిగించాడు. తర్వాత "మా అమ్మీకి గూడ మోకాళ్ళు నడవయ్. పగలంత తిరుమలగిరిల ఒక్కతే ఉంటది" అన్నాడు.

అతను గంట అన్నాడు. నేను కిరాణా కొట్టు పక్కన నిలబడి మజ్జిగ తాగిన ఇరవై నిమిషాల సంగతి అతనికి చెప్పలేదు. అమ్మకూ నాన్నకూ కూడా చెప్పలేదు. ఇదే మొదటిసారి చెప్పడం.

మాలో మనిషి పోతే పదకొండు దినాలు ఇంట్లో దీపం ఆరకూడదు, ఇంటికి తాళం పడకూడదు. నాయనమ్మ పడిపోయిన చోట, కిటికీ కింద దీపం పెట్టాం. రెండు నెలలు మూసి ఉన్న తలుపు రెండు రెక్కలూ తెరుచుకుంది. సలోమి ఆంటీ రోజూ వచ్చి ఆ దీపంలో నూనె పోసేది. ఏడ్చేది కాదు, పాడేది కూడా కాదు.

తలుపు తెరిచి ఉంటే వసూలువాళ్ళు రాకుండా ఉంటారా? ఒక్కొక్కరే వచ్చారు. నాన్న గుమ్మం దగ్గర చాప మీద కూర్చుని, వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. "నేనే భద్రయ్యను. ఈడనే ఉంట, యాడికి పోను. నెలకు నాతోని అయ్యేది కడ్త." ఇన్నాళ్ళూ ఆ మాట ఎందుకు అనలేకపోయాడో ఆయనకే తెలియాలి. ఉగాది రోజు అరిచినవాడు కూడా వచ్చాడు. దీపం చూసి, మెట్ల కింద చెప్పులు విడిచి, చాప చివర కాసేపు కూర్చుని వెళ్ళిపోయాడు. మరునాడు వాళ్ళ కంపెనీ నుంచి ఫోను మామూలుగానే వచ్చింది.

కలీముల్లా ఐదో రోజు వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. డబ్బా తిరిగి ఇవ్వబోతే అమ్మ ఆపింది. మైల ఇంటి నుంచి, అందులోనూ వట్టి డబ్బా పంపకూడదు, తర్వాత ఏదైనా వండి ఇద్దామంది.

పదకొండో రోజు కాగానే నాన్న ఫైనాన్స్ ఆఫీసుకు తనంతట తానే వెళ్ళాడు. వాయిదాలు తగ్గించమని అడిగాడు. అడిగి ఊరుకోకుండా మేనేజరు చేతులు పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకున్నాడట. "మీ కలీముల్లా మనిషి గాదు సార్, దేవుడు. లోపల మా అమ్మ ఉన్నదని రెండు నెలల నుంచి తెల్సి సుత ఒక్కనాడు మా ఇజ్జత్ తీయలే" అని చెప్పి, బరువు దించుకున్నట్టు ఇంటికొచ్చాడు. ఆ శనివారమే కలీముల్లాను పనిలోంచి తీసేశారు.

విషయం తెలిశాక నాన్న నన్ను వెంటబెట్టుకుని తిరుమలగిరి వెళ్ళాడు. ఒకే గది, పక్కన చిన్న కిటికీ. వాళ్ళమ్మ బానో మంచం మీదే కూర్చుని మమ్మల్ని చూసి నవ్వింది. నాన్న గుమ్మం దాటలేదు. "పరేషాన్ గాకుండ్రి అంకుల్, ఇంకోటి దొరుకుతది" అని కలీముల్లాయే ఆయన్ని ఊరడించాడు. ఆ సిగ్గులో డబ్బా తీసుకుపోవడం మర్చేపోయాం. తర్వాత ఎప్పుడైనా ఇవ్వచ్చనుకున్నాం. ఏడాది గడిచిపోయింది.

ఇప్పుడు నాన్న ఒక జిరాక్స్ సెంటర్‌లో చేస్తున్నాడు. అప్పు ఇంకా ఉంది, కాకపోతే దాని ముఖం మాకు తెలుసు, మా ముఖం దానికి తెలుసు. నేను మాత్రం ఏ ఫోను మోగినా ఎత్తుతాను. ప్లాట్లు అమ్మేవాళ్ళవి, క్రెడిట్ కార్డులు ఇస్తామనేవాళ్ళవి, రాంగ్ నంబర్లు కూడా. కలీముల్లా నంబరుకు ఎత్తొద్దు నాలుగు అన్న పేరు అలాగే ఉంచాను. మార్చబోయిన ప్రతిసారీ వేలు ఆగిపోయేది.

మొన్న, మళ్ళీ రోహిణి కార్తెలోనే, మధ్యాహ్నం షాపులో ఉండగా కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. ఎవరో అమ్మాయి.

"కలీముల్లా మీకు తెలుసా మేడం? ఆయన ఫోన్ లిస్టులో మీ నంబర్ ఉంది. బైక్ లోన్ నాలుగు నెలల నుంచి పెండింగ్. ఫోన్ ఎత్తడం లేదు. మా వాళ్ళు వెళ్తే ఇంటికి తాళం ఉంది. ఎక్కడికెళ్ళారో తెలుసా?"

నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది. "ఊరికి పోయిండ్రు."

ఫోను పెట్టేశాను. కలీముల్లా నంబరుకు చేశాను. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. ఓంప్రకాశ్‌కు ఏమీ చెప్పకుండా బయటకొచ్చి, ఇంటికి వెళ్ళి అరలోంచి ఆ డబ్బా తీసుకుని, పొద్దున అమ్మ వండిన పెరుగన్నం అందులో పెట్టుకుని ఆటో ఎక్కాను.

తిరుమలగిరిలో ఆ గది తలుపుకు తాళం ఉంది. కొత్తది, మెరుస్తోంది. గల్లీలో ఎవరూ లేరు. పక్కకు వెళ్ళి కిటికీ రెక్క మీద వేళ్ళతో కొట్టాను. లోపల చప్పుడు లేదు. మళ్ళీ కొట్టాను. "అమ్మీ" అన్నాను. "అమ్మీ, ఉన్నవా?"

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. లోపల మంచం కిర్రుమంది.

"కలీం లేడమ్మా" అని గుసగుసగా వినబడింది. "ఊరికి పోయిండు."

"తెలుసు అమ్మీ. నేను పైసలకు రాలే. అల్వాల్ నుంచి వచ్చిన, బుచ్చమ్మ మనవరాలిని."

లోపల మనిషి గోడ పట్టుకుని మెల్లగా నడుస్తున్న చప్పుడు, కుండ మీద మూత తీసిన చప్పుడు. కిటికీ జానెడు తెరుచుకుంది. నీళ్ళ గ్లాసు పట్టుకుని ఒక ముసలి చెయ్యి బయటకొచ్చింది.

"గింత ఎండల నిలవడ్డవా బిడ్డా? ముందు నీళ్ళు తాగు."

గ్లాసుతో పాటు ఆ చేతిని కూడా పట్టుకున్నాను. కలీముల్లా వచ్చి తాళం తీసేదాకా నేను ఆ కిటికీ దగ్గరే కూర్చున్నాను.